గ్రంథపాతం, ప్రక్షిప్తం: సునీల్ జానా ఛాయాచిత్రాల పాఠపరిశీలన

తెలంగాణ సాయుధ పోరాటాన్ని గురించి తెలుగులో వచ్చిన పుస్తకాలను, ప్రత్యేక సంచికలను తిరగవేసేవారికి ఒక ఛాయాచిత్రం తప్పక ఎదురవుతుంది. చీరకట్టులోనే ఉన్న యువతులు తుపాకులు చేతబట్టిన చిత్రమది. ఏటా సెప్టెంబరులో పోరాట వారోత్సవాలు జరిగే రోజుల్లో హైదరాబాదులోని చిక్కడపల్లి, రాంనగర్, బాగ్‌లింగంపల్లి ప్రాంతాల్లో కట్టే ఫ్లెక్సీలకూ అది పరిచితమైన బొమ్మే. ముఖచిత్రంగా, కరపత్రంగా, గోడపత్రికగా, ఇటీవల సెల్‌ఫోన్‌లో చేతులు మారే బొమ్మగా అది ఎన్నిసార్లు పునర్ముద్రణ పొందిందో లెక్క తేల్చడం కష్టం. ఇంత వాడుకలో ఉన్న ఆ చిత్రాన్ని గురించి తెలుగు విమర్శ మాట్లాడింది మాత్రం చాలా తక్కువ. దాన్ని పుస్తకానికి అలంకారంగా చూశారు. చదవవలసిన పాఠంగా చూడలేదు.

ఆ చిత్రం సునీల్ జానా (1918–2012) తీసినదిగా ప్రసిద్ధం. తెలుగు పాఠకులకు జానా పేరు తెలిసినంతవరకు ఈ ఒక్క చిత్రం ద్వారానే తెలుసు. అయితే బెంగాల్, ఒడిశా తీరప్రాంతాల కరవు, మలబారు తీరపు శ్రామికులు, మధ్య భారత గిరిజనులు, దేశవిభజన కాందిశీకులు, స్వాతంత్ర్యానంతర కర్మాగారాలు, శాస్త్రీయ నర్తకులు – ఇన్ని రకాల వస్తువులను ఆయన చిత్రించారు. ఈ కృషిని వేరువేరు ఖండాలుగా చూడడం పరిపాటి. తీరంలో మొదలైన పనిని తెలంగాణ చిత్రం పక్కన పెట్టి చదివితే, రెండింటికీ వర్తించే ఒక సమస్య కనిపిస్తుంది. ఛాయాచిత్రం తనంతట తాను చెప్పలేనిది ఏమిటి, దాన్ని చెప్పే బాధ్యత ఎవరిది అన్నదే ఆ సమస్య. దీనికి సమాధానం వెతకడానికి తెలుగు పరిశోధకుల చేతిలో ఒక పాత పనిముట్టు సిద్ధంగా ఉంది. అది పాఠపరిష్కరణ శాస్త్రం.

తీరంలో లేని పడవ

అస్సాంలోని డిబ్రూగఢ్‌లో పుట్టి కలకత్తాలో పెరిగిన జానా ఆంగ్ల సాహిత్య విద్యార్థి. చిన్ననాటి నుండి ఒక కంటి చూపు సరిగా లేని మనిషి. 1943లో బెంగాల్ కరవు తీవ్రమైనప్పుడు కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పి.సి. జోషి ఆయనను వెంటబెట్టుకొని గ్రామాలకు వెళ్ళారు. చిత్రకారుడు చిత్తప్రసాద్ కూడా ఆ బృందంలో ఒకరు. అప్పుడు తీసిన చిత్రాలు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో అచ్చై దేశమంతటా సంచలనం కలిగించాయి. పోస్టుకార్డులుగా కూడా ముద్రించి, అమ్మగా వచ్చిన సొమ్మును కరవు సహాయానికి పంపారు. జానా చదువు మాని బొంబాయిలోని పార్టీ కమ్యూన్‌కు చేరారు. అదే 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. కాలం ఒకటే, రాజకీయ వాతావరణం ఒకటే. ఈ సామ్యం ముందుముందు అక్కరకు వస్తుంది.

ఆ కరవుకు తీరప్రాంతంతో ఉన్న సంబంధాన్ని ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. 1942 అక్టోబరు 16న మేదినీపూర్ తీరాన్ని పెను తుపాను, దానితోపాటు ఉప్పెన ముంచెత్తాయి. పంట పోయింది, పశువులు పోయాయి, ఉప్పునీరు నిలిచి చేలు పాడయ్యాయి. అంతకు ముందే, అదే సంవత్సరంలో, జపాను సైన్యం తీరానికి దిగితే పడవలు దాని చేతికి చిక్కకూడదన్న పేరుతో బ్రిటిష్ ప్రభుత్వం డెల్టా ప్రాంతంలో పడవలను స్వాధీనం చేసుకుంది. పదిమందికి మించి మోయగల పడవలు ఈ ఉత్తర్వు కిందికి వచ్చాయి. వేల సంఖ్యలో పడవలు ధ్వంసమయ్యాయి, లేదా పనికిరాకుండా పోయాయి. నదీముఖద్వారాల్లో వేట సాగించే మత్స్యకారులకు, సరుకు చేరవేసే పడవవారికి జీవనాధారం ఆ క్షణంలోనే తెగిపోయింది. కరవు పాలైన వృత్తుల్లో వ్యవసాయ కూలీలతో పాటు మత్స్యకారులూ రవాణా కార్మికులూ ముందువరుసలో ఉన్నారని అమర్త్య సేన్ 1981 నాటి ‘పావర్టీ అండ్ ఫామిన్స్’ గ్రంథంలో నిరూపించారు. తిండిగింజలు లేకపోవడం కన్న వాటిని కొనుక్కొనే శక్తి ఆ వృత్తులవారికి లేకుండా పోవడమే కరవుకు మూలమన్నది ఆయన సిద్ధాంతం.

ఇప్పుడు కెమెరా సంగతి. ఆకలితో కృశించిన దేహాన్ని కెమెరా చూపగలదు. దారిపక్కన పడి ఉన్న ఎముకలను చూపగలదు. గంజికేంద్రం ముందు నిలబడిన వరుసను చూపగలదు. ఆ దేహం ఆ స్థితికి రావడానికి కారణమైన పడవను చూపలేదు. ఆ పడవ అక్కడ లేదు గనుక. కరవు చిత్రాల్లో అత్యంత ముఖ్యమైన వస్తువు చట్రంలో లేని వస్తువే. జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ 1931లో ఛాయాచిత్రణ చరిత్ర మీద రాసిన చిన్న వ్యాసంలో బ్రెహ్ట్ ఆలోచన ఒకదాన్ని ప్రస్తావించాడు. ఒక కర్మాగారం ఫొటో ఆ కర్మాగారపు లోపలి సంబంధాల గురించి దాదాపు ఏమీ చెప్పదన్నది దాని సారం. యజమాని ఎవరు, కూలి ఎంత, అప్పు ఎవరికి అన్నవి కంటికి కనబడే వస్తువులు కావు. మేదినీపూర్ తీరానికి ఈ మాట మరింత వర్తిస్తుంది.

జానా చిత్రాలు దీన్ని ఎలా ఎదుర్కొన్నాయి? ఒంటరిగా ఎదుర్కోలేదన్నదే ఇక్కడి ప్రతిపాదన. అవి మొదట వెలువడిన చోటు గ్యాలరీ గోడ కాదు, వార్తాపత్రిక పేజీ. ఆ పేజీలో ఫొటోకు పక్కన జోషి రాసిన కథనం ఉంటుంది. కరవును దాచిన దొంగనిల్వదారు ఎవరో, ప్రభుత్వం చేసినదేమిటో ఆ కథనం చెబుతుంది. మరోచోట చిత్తప్రసాద్ రేఖాచిత్రం ఉంటుంది. ఆయన మేదినీపూర్ పర్యటన నుండి తెచ్చిన ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకాన్ని ప్రభుత్వం జప్తుచేసి ప్రతులను నాశనం చేయించిందంటే, గీతకూ మాటకూ కలిసినప్పుడు ఎంత బలముంటుందో పాలకులకు బాగానే తెలుసు. ఫొటో దేహాన్ని చూపింది, వచనం కారణాన్ని చెప్పింది, గీత కోపాన్ని పట్టింది. ఈ మూడూ కలిసిన పేజీయే ఆ చిత్రాలకు మాతృక. నెగెటివ్ కాదు.

ఈ మాతృక నుండి విడదీసిన క్షణంలో కరవు చిత్రం స్వభావం మారిపోతుంది. కారణం పోయి జాలి మిగులుతుంది. 1945–46 కాలంలో దక్షిణ భారతంలో కరవు ఏర్పడినప్పుడు ‘లైఫ్’ పత్రిక ఛాయాగ్రాహకురాలు మార్గరెట్ బర్క్-వైట్‌తో కలిసి జానా పర్యటించారు. ఇద్దరూ దాదాపు ఒకే దృశ్యాలను ఎదుట పెట్టుకొని తీశారు. ఒకరి చిత్రం అమెరికన్ వారపత్రిక పాఠకునికి, ఇంకొకరిది పార్టీ పత్రిక పాఠకునికి చేరింది. ఒకే దృశ్యం రెండు పేజీల్లో రెండు పాఠాలయ్యింది. ఆకలితో ఉన్నవారి ఎదుట కెమెరా ఎత్తవలసి రావడం తనను బాధించేదని జానా తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఆ బాధను వ్యక్తిగత సున్నితత్వంగా మాత్రమే చూడకూడదు. పేజీ తన పని చేయకపోతే చిత్రం ఏమైపోతుందో తెలిసినవాని భయం కూడా అందులో ఉంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చిత్రాలను చూసిన తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. శవాలు గుర్తున్నాయి. కరకట్టల స్థితి, హెచ్చరిక చేరిన తీరు ఎందరికి గుర్తున్నాయి?

పని చేసే శరీరం

కరవు నుండి జానా కెమెరా మలబారు తీరానికి, అక్కడి రైతుల, మత్స్యకారుల జీవితాలకు మళ్ళింది. ఇక్కడ శరీరం కృశించినది కాదు, పనిలో ఉన్నది. ఆయన మనుషుల చిత్రాల్లో కెమెరా తరచు మనిషి కంటిమట్టానికి కాస్త కిందినుండి చూస్తుంది. మనిషి వెనుక ఆకాశం ఎక్కువగా ఉంటుంది. ఆకాశం ముందు నిలిచిన మనిషికి సహజంగానే ఒక ఉన్నతి వస్తుంది. ఈ పద్ధతి ఆనాటి సోవియట్ చిత్రణ నుండి ప్రపంచమంతటికీ వ్యాపించినది. జానా చేతిలో అది కృతకం కాలేదు. కానీ దాని పరిమితి దానికి ఉంది.

ఆ పరిమితిని తెలుగు తీరం నుండి ఒక ఉదాహరణతో చూపవచ్చు. విశాఖ మొదలు నెల్లూరు దాకా తీరగ్రామాల్లో అలివి వల లాగడం ఛాయాగ్రాహకులకు ప్రీతిపాత్రమైన దృశ్యం. కేరళలో కంబవల కూడా ఇటువంటిదే. పడవ మీద వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా విడిచివస్తారు. రెండు కొనల తాళ్ళనూ ఒడ్డున రెండు జట్లు పట్టుకొని, వెనక్కి వంగి, అడుగులో అడుగు వేస్తూ లాగుతారు. ఒకే లయలో వంగిన వీపులు, బిగిసిన తాడు, నురుగు. ఇంత కూర్పు దానంతట అదే అమరిన దృశ్యం అరుదు. ఏ ఉదయం వెళ్ళి తీసినా బొమ్మ బాగానే వస్తుంది. వచ్చిన ఆ బొమ్మలో వల ఎవరిదో తెలియదు. పట్టుబడిలో వలకెంత, పడవకెంత, లాగినవారికెంత అన్న వాటాల లెక్క కనిపించదు. ముందుగానే పెట్టుబడి ఇచ్చి, సరుకు తనకే, తాను చెప్పిన ధరకే అమ్మాలని షరతు పెట్టిన వ్యాపారి కనిపించడు. గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరగబోయే స్త్రీ సాధారణంగా చట్రం అంచున ఉంటుంది, లేదా అసలే ఉండదు. వేటగాని శ్రమ దృశ్యమవుతుంది, అమ్మకందారు శ్రమ అదృశ్యమవుతుంది.

అభ్యుదయ కవిత్వం మీద తెలుగులో వచ్చిన విమర్శ ఇదే లోపాన్ని వేరే మాటల్లో ఎత్తిచూపింది. శ్రమను కీర్తించడం వేరు, శ్రమసంబంధాలను చిత్రించడం వేరు. చెమటకు ఖరీదు లేదని చెప్పినంత తేలికగా, ఆ ఖరీదును ఎవరు ఎలా కాజేస్తున్నారో చెప్పడం సాధ్యం కాదు. కవితకు ఉన్న ఇబ్బందే ఫొటోకూ ఉంది. ఒకటి మాత్రం తేడా. కవి ఒక పాదం ఎక్కువ రాస్తే ఆ వ్యాపారిని తీసుకురావచ్చు. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. అందుకే జానా శ్రామిక చిత్రాలను ఒక్కొక్కటిగా కాక వరుసలుగా చదవాలి. ఒక ప్రాంతంలో తీసిన ముఖాలు, చేతులు, పనిముట్లు, ఇళ్ళు, సభలు – ఇవన్నీ పక్కపక్కన చేరినప్పుడే సంబంధాలు తెలియడం మొదలవుతుంది.

గిరిజనుల చిత్రాల దగ్గర ఈ ఇబ్బంది ఇంకా ముదిరింది. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్‌తో పరిచయం జానాను గిరిజన ప్రాంతాలకు నడిపించింది. దశాబ్దాల పాటు తీసిన ఆ చిత్రాలు 1993లో ‘ద ట్రైబల్స్ ఆఫ్ ఇండియా’గా వెలువడ్డాయి. చిత్రాలుగా అవి అందమైనవి, ఆ అందమే అనుమానించవలసినది కూడా. పై వస్త్రం లేని యువతుల చిత్రాలు ఆ గ్రంథంలో ఆక్రమించిన స్థానం గురించి వచ్చిన అభ్యంతరాలను కొట్టిపారవేయలేము. తీరంలో పనిముట్టుతో పాటు కనిపించిన మనిషి ఇక్కడ తరచు పనిముట్టు లేకుండా, పని లేకుండా, కేవలం రూపంగా కనిపిస్తాడు, మరీ ఎక్కువగా కనిపిస్తుంది. ఇంచుమించు అదే కాలంలో హైదరాబాదు సంస్థానంలో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ చెంచుల, ఆదిలాబాదు గోండుల చిత్రాలు తీశారు. కళాదృష్టితో అవి జానా చిత్రాలకు సాటి రావు. అయితే ఏ పండుగ, ఏ గోత్రం, ఏ ఊరు అన్న వివరం వాటిని వెన్నంటి వస్తుంది. 1943లో వచ్చిన ‘ద చెంచూస్’, 1948 నాటి ‘ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథాల్లో వచనమూ చిత్రమూ ఒకదానికొకటి పూచీ. కొమురం భీం మరణించిన 1940 తర్వాత ఆ ప్రాంతానికి పంపిన మనిషి కావడం వల్ల ఆయన దృష్టిలో పాలకుల అవసరం కలిసిందన్న విమర్శ వేరే చర్చ. ప్రస్తుతానికి చెప్పదలచినది ఇంతే: వివరం లేని అందమైన చిత్రం కన్న, వివరమున్న సాదా చిత్రం గోండు పాఠకునికి ఈనాడు ఎక్కువ ఉపయోగపడుతున్నది. తన తాతముత్తాతల ఊరి పేరు అందులో దొరుకుతుంది గనుక.

కర్మాగారాలు, ఆనకట్టల చిత్రాలు ఎక్కువగా సంస్థలు కోరగా తీసినవి. వాటిలో యంత్రానికి దక్కిన గౌరవం దాని పక్కనున్న కార్మికునికి దక్కలేదు. నాట్య చిత్రాల గురించి ఒక్క మాట. శాంతారావును గురించిన ‘డాన్సెస్ ఆఫ్ ద గోల్డెన్ హాల్’ (1979) గ్రంథంలో చిత్రాలు జానావి. కోరాడ నరసింహారావు వద్ద కూచిపూడి నేర్చి, ఆ నృత్యానికి విదేశాల్లో పేరు తెచ్చిన ఇంద్రాణీ రెహమాన్‌ను కూడా ఆయన చిత్రించారు. ఆమె కుమారుడు, ఛాయాగ్రాహకుడు రామ్ రెహమాన్ 1998లో న్యూయార్క్‌లో జానా చిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేయడంతోనే మరుగునపడిన ఈ కృషి మళ్ళీ వెలుగులోకి వచ్చింది.

1946–51 అనే శీర్షిక

తెలంగాణ చిత్రం దగ్గరకు ఇంత చుట్టు తిరిగి రావడానికి కారణం ఉంది. తీరం చిత్రాల్లో పేజీ చేసిన పనిని తెలంగాణ చిత్రానికి ఎవరూ చేయలేదు. ఆ చిత్రం పేజీ నుండి పూర్తిగా విడిపోయింది. మాతృక పోయి ప్రతులు మాత్రం మిగిలిన కావ్యంలా అది మన మధ్య తిరుగుతున్నది.

తాళపత్ర ప్రతులను సంవదించే పరిష్కర్త మూడు విషయాలు అడుగుతాడు. ప్రతిలో పోయినదేమిటి, ఎవరో తర్వాత చేర్చినదేమిటి, కాలం ఏది. మొదటిది గ్రంథపాతం, రెండవది ప్రక్షిప్తం. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించిన తర్వాత ఆ కవి కాలం మీద తెలుగు పండితులు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఒక కావ్యపు కాలం మారితే సాహిత్య చరిత్ర క్రమమే మారుతుందని వారికి తెలుసు. అదే పట్టుదల ఒక ఛాయాచిత్రం మీద చూపడానికి అడ్డేమీ లేదు.

మొదట గ్రంథపాతం. ముఖచిత్రపు కొలతకో ఫ్లెక్సీ కొలతకో తగ్గట్టు బొమ్మ అంచులు కత్తిరించడం ముద్రణలో మామూలు. లేఖకుడు తాటాకు చివర అక్షరాలు వదిలివేసినట్టే ఇదీను. కానీ గుంపు చిత్రంలో అంచున ఉన్నవారు మనుషులు. కత్తెర పడినప్పుడల్లా దళం వ్యక్తి అవుతుంది. సామూహిక పోరాటం ఒక వీరనారి కథ అవుతుంది.

ఇక ప్రక్షిప్తం. ఈ చిత్రంలో మల్లు స్వరాజ్యం ఉన్నారని చెప్పే శీర్షికలు ప్రచారంలో ఉన్నాయి. ప్రజాశక్తి ప్రచురణల సేకరణ నుండి వచ్చిన ప్రతికి కూడా ఆ తరహా శీర్షికే ఉంది. ఆమె పేరు తర్వాత వచ్చే మాట ‘ఇతర దళ సభ్యులు’. ఒకరికి పేరు, మిగిలినవారికి బహువచనం. శీర్షిక బొమ్మలోని అర్థాలను లంగరు వేసి ఒకచోట నిలుపుతుందని ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1964లో వివరించాడు. లంగరు ఎక్కడ వేశారన్నది అప్పుడు ముఖ్యమవుతుంది. ఇక్కడ అది ప్రసిద్ధురాలైన నాయకురాలి మీద పడింది. 1931లో పుట్టి 2022 మార్చి 19న మరణించిన స్వరాజ్యం శాసనసభ్యురాలిగా కూడా పనిచేసి, ప్రజల్లో చివరిదాకా ఉన్నారు గనుక ఆమెను గుర్తుపట్టారు. ఇందులో ఆమె కోరుకున్నది ఏమీ లేదు. తక్కిన స్త్రీలు పోరాట విరమణ తర్వాత ఏ ఊరికి, ఏ ఇంటికి తిరిగి వెళ్ళారో, ఆ ఇల్లు వారిని ఎలా స్వీకరించిందో శీర్షిక రాసినవారికి ప్రశ్నగా తోచలేదు.

అన్నిటికన్న ముఖ్యమైనది కాలం. ఈ చిత్రానికి సాధారణంగా వేసే సంవత్సరం ‘1946–51’. అది చిత్రం తీసిన కాలం కాదు, పోరాటం నడిచిన కాలం. పరిష్కర్త దీన్ని ఒప్పుకోడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు ప్రజల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చింది 1947 సెప్టెంబరు 11న. ఇటు 1948 ఫిబ్రవరి–మార్చిలో కలకత్తాలో జరిగిన పార్టీ మహాసభలో జోషి నాయకత్వం నుండి తొలగిపోయారు. ఆయన చేరదీసిన జానాకు కూడా పార్టీ పత్రికతో బంధం సడలింది. కలకత్తాలో సొంత స్టూడియో పెట్టుకున్నారు. 1949లో సిగ్నెట్ ప్రెస్ వెలువరించిన ఆయన తొలి పుస్తకం ‘ద సెకండ్ క్రీచర్’కు రూపకల్పన చేసినవారు అప్పటికి ఇంకా సినిమా తీయని సత్యజిత్ రాయ్. ఈ తేదీలను పక్కపక్కన పేర్చితే ‘1946–51’ ఎంత వదులైన కొలతో స్పష్టమవుతుంది.

కాలం తేల్చడం పండితుల కాలక్షేపం కాదు. 1948 సెప్టెంబరు 17కు ముందు తీసిన చిత్రమైతే, ఆ తుపాకులు నిజాం పోలీసుకూ రజాకారుకూ దేశముఖుకూ ఎదురు నిలిచినవి. తర్వాతిదైతే భారత సైన్యానికి ఎదురు నిలిచినవి. విమోచనమా విలీనమా విద్రోహమా అని ఆ తేదీ చుట్టూ ఈనాటికీ వాదం నడుస్తున్న రాష్ట్రంలో, ఒకే చిత్రాన్ని పరస్పర విరుద్ధమైన సభలు ఎత్తుకోగలుగుతున్నాయంటే దానికి ఆ వదులైన శీర్షికే వీలు కల్పిస్తున్నది. అయిదేళ్ళను ఒక్క గీతతో కలిపితే శత్రువు ఎవరో చెప్పనక్కర లేదు. ఈ ప్రక్షిప్తం అమాయకమైనది కాదు. ఉద్దేశించి చేర్చినది కాకపోవచ్చు, కానీ దాని వల్ల లాభపడేవారు ఉన్నారు.

ఆ చిత్రానికి గొంతు లేకపోవడం ఇంకొక లోటు. స్వరాజ్యం ఉయ్యాల పాటలు కట్టి పాడుతూ ఊళ్ళను కదిలించిన మనిషి. ఆమె ఆత్మకథకు పెట్టిన పేరు ‘నా మాటే తుపాకీ తూటా’. ఆ పేరులో మాట ముందు వచ్చింది, తుపాకి ఉపమానంగా వచ్చింది. చిత్రంలో తుపాకి మిగిలింది, మాట పోయింది. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ లోటును పూరించిన గ్రంథం. చాకలి ఐలమ్మ మొదలుకొని పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అందులో తమ మాటల్లో మాట్లాడారు. పిల్లలను వదిలి వెళ్ళవలసి వచ్చిన తల్లి, రహస్య స్థావరంలో వంటపని మళ్ళీ తన మీదే పడిన కార్యకర్త, పోరాటం ముగిశాక ఇంటికి వెళ్ళి సంసారం చూసుకొమ్మన్న సలహా విన్న యువతి – వీరి అనుభవాలను తుపాకి చిత్రం పక్కన పెడితే, ఆ చిత్రం ఉత్సాహంతో పాటు ఒక ప్రశ్న కూడా అవుతుంది. అలివి వల చిత్రంలో గంప ఎత్తుకున్న స్త్రీ అంచుకు పోయినట్టే, తుపాకి చిత్రంలో అన్నం వండిన స్త్రీ చట్రానికి బయట ఉండిపోయింది. రెండు చోట్లా కెమెరా పక్షపాతి కాదు. దృశ్యంగా కనిపించే పనిని పట్టింది, కనిపించని పనిని వదిలింది. వదిలినదాన్ని పూరించవలసినది పక్కనుండే వచనం.

పోరాట సాహిత్యం ఆ వచనాన్ని కొంత సిద్ధం చేసి పెట్టింది. 1947లోనే బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ నవల, సుంకర, వాసిరెడ్డిల ‘మాభూమి’ నాటకం వచ్చాయి. ఈ రచనలను జానా చిత్రంతో కలిపి చదివిన అధ్యయనం జరగవలసి ఉంది. నాటకంలో స్త్రీపాత్ర చేతికి ఏ ఆయుధం ఎప్పుడు వస్తుంది, నవలలో ఎవరు వండుతారు, ఎవరు కాపలా కాస్తారు అని వెతకడం చిత్రానికీ గ్రంథానికీ ఇద్దరికీ మేలు చేస్తుంది.

ప్రతులు ఉన్న చోటు

పాఠపరిష్కరణకు ప్రతులు కావాలి. ప్రతులు దొరకాలంటే అవి నిలవాలి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉద్యమ సాహిత్యాన్ని పరిశోధించేవారికి ప్రధాన ఆధారం. 2000 ఆగస్టులో నగరాన్ని ముంచిన వరదల్లో హుస్సేన్ సాగర్ మిగులు నీరు పారే నాలా పొంగి, ఆ కేంద్రంలోకి నీళ్ళు చేరాయి. అక్కడ భద్రపరచిన ఉర్దూ పరిశోధనా కేంద్రపు అపురూప గ్రంథాలు, పత్రికలు తడిసి ముద్దయ్యాయి. తర్వాత చికాగో విశ్వవిద్యాలయం సహకారంతో వాటిలో సాధ్యమైనవాటిని ఉద్ధరించారు. ఉప్పునీరు మేదినీపూర్ చేలకు చేసినదాన్నే మురుగునీరు రాంనగర్ పక్కనున్న గ్రంథాలయానికి చేసింది. కాగితం కన్న ఛాయాచిత్రానికి తడి ఇంకా చేటు. అంటుకున్న రెండు ఫొటోలను విడదీస్తే రెండూ పోతాయి.

ఉద్యమ పత్రికల పాత సంచికలు, పార్టీ కార్యాలయాల్లో పాత అచ్చు దిమ్మెలు, కార్యకర్తల ఇళ్ళలో చట్రం కట్టించుకున్న ఫొటోలు ఈ చిత్రానికి ప్రతులు. 1942లో విజయవాడలో ఆరంభమై 1948లో నిషేధానికి గురైన ప్రజాశక్తి సంచికలను ఈ దృష్టితో, అంటే వార్త కోసం కాక ఏ ఫొటో ఏ తేదీన ఏ కథనం పక్కన ఎంత కొలతలో పడిందన్న దృష్టితో, వరుసగా చూడాలి. ఒకే చిత్రపు వేరువేరు ముద్రణలను కొలిచి, ఏ ప్రతిలో ఎవరు కత్తిరింపుకు గురయ్యారో గుర్తించి, పాఠాంతరాల పట్టిక తయారు చేయాలి. ఇది వేటూరి ప్రభాకరశాస్త్రి తరం చాటుపద్యాలకు చేసిన పనే, అంతకు ముందు బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి వేమన పద్యాలకు చేయించిన పనే. కొత్త సిద్ధాంతమేదీ అవసరం లేదు, ఓపిక కావాలి.

అంతకన్న తొందరగా చేయవలసినది ఇంకొకటి ఉంది. దళాల్లో ఉన్న స్త్రీలలో అత్యధికులు కాలం చేశారు. వారి పిల్లలు, మనవలు నల్లగొండ, సూర్యాపేట, జనగామ, ఖమ్మం గ్రామాల్లో ఉన్నారు. గుంపు చిత్రాన్ని కత్తిరించకుండా, పెద్ద కొలతలో అచ్చువేసి, ఆ ఊళ్ళకు తీసుకువెళ్ళి, ఈ ముఖం ఎవరిదని అడగాలి. ఒక్క పేరు తేలినా ‘ఇతర దళ సభ్యులు’ అన్న మాటలో ఒకరు తగ్గుతారు.